ఉర్కుడుల ఫస్టు

2024వ సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీంచి గడ్డిఅన్నారం వైపు తిరిగే ఒక సందులో, కోచింగ్ సెంటర్ మెట్ల పక్కన నా షాపు. కప్పులు, షీల్డులు, మెడల్స్, మెమెంటోలు. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా నడుపుతున్నాను. మాది తెనాలి దగ్గర. పెళ్లయి చైతన్యపురి వచ్చాక, మా ఆయన మందుల కంపెనీ పని మీద ఊళ్లు తిరుగుతుంటే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం నా వల్ల కాక ఈ షాపు పెట్టుకున్నాను. పేరు నాగమణి. కానీ చుట్టుపక్కల కాలనీల్లో "కప్పుల మేడమ్" అంటేనే గుర్తుపడతారు. నోరు కాస్త పెద్దదని కూడా అంటారు. కాదనను.

"కప్పులు రోజూ ఎవరు కొంటారండీ?" అని చాలామంది అడుగుతారు. రోజూ ఎవరూ కొనరు. ప్రపంచంలో ఎక్కడో ఎవరో గెలవాలి, అప్పుడు మాకిక్కడ చేతినిండా పని. 2024 అలాంటి ఏడు. జూన్ ఆఖరున టీ20 ప్రపంచకప్పు ఏడు పరుగుల తేడాతో మనకు దక్కింది. సోమవారం నేను షాపు తీసేసరికి షట్టరు ముందు మూడు కాలనీల వాళ్లు నిలబడి ఉన్నారు. అందరికీ క్రికెట్ టోర్నమెంటు పెట్టాలని ఒక్కసారే బుద్ధి పుట్టింది మరి. జూలైలో యూరప్ ఫుట్‌బాల్ కప్పు స్పెయిన్, దక్షిణ అమెరికా కప్పు అర్జెంటీనా పట్టుకుపోతే, బాలాపూర్ వైపు కుర్రాళ్లు బంతి బొమ్మ ఉన్న కప్పులు కావాలని దిగారు. ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో హాకీ కంచు. సెప్టెంబరులో పారాలింపిక్స్‌లో ఇరవై తొమ్మిది పతకాలు. ఆ నెలలోనే చెస్ ఒలింపియాడ్‌లో మన రెండు జట్లకీ బంగారం. డిసెంబరులో ప్రపంచ చెస్ కిరీటం కూడా మనదే. దాంతో ఎల్‌బీ నగర్ నుంచి నాదర్‌గుల్ దాకా ఏ స్కూలును చూసినా చెస్ పోటీలే. డిసెంబరు మూడో వారానికి నా అల్మారాల్లో బంగారు రంగు పెద్ద కప్పు ఒక్కటి కూడా మిగల్లేదు.

ఒక్కటి మిగిలింది. అది లెక్కలోది కాదు. షాపు తెరిచిన రోజున పై అరలో పెట్టిన షోపీసు. ముప్పై అంగుళాల ఎత్తు, బంగారు పాలిష్, పైన చేయెత్తి నిలబడిన అమ్మాయి బొమ్మ. ఆ బొమ్మను మా పనిలో విక్టరీ అంటారు. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. విసుగెత్తి చివరికి "అమ్మబడదు" అని చీటీ అంటించాను. అది ఉంటే షాపుకు కళ అని నా నమ్మకం. దాని ప్లేటు మీద పద్దెనిమిదేళ్లుగా ఒక్క అక్షరం లేదు.

మా పనిలో వాడే మూడు మాటలు ఇక్కడ చెప్పాలి. గెలిచిన జట్టుకిచ్చేది విన్నర్ కప్పు, రెండో జట్టుకిచ్చేది రన్నర్ కప్పు. రెండూ కలిపితే ఒక సెట్. విన్నర్‌కు బంగారు పాలిష్, రన్నర్‌కు వెండి పాలిష్. రన్నర్ కప్పు రెండంగుళాలు పొట్టిగా ఉంటుంది. ఎవరు పెట్టారో ఈ కొలత నాకు తెలియదు. నేను పని నేర్చుకున్న రోజు నుంచీ అంతే. ఇక ప్లేటు మీద చెక్కే రాతను మేటర్ అంటాం. కస్టమర్ రాసిచ్చిన మేటర్‌ను రాసినట్టే కొట్టడం నా పద్ధతి. పెద్దవాళ్ల పేర్ల ముందు డాక్టర్ పెట్టమన్నా పెడతాను, తీసేయమన్నా తీసేస్తాను. మనకెందుకు?

ఆ మూడో వారంలోనే ఎల్‌బీ నగర్‌లోని ఒక కాలనీ సంఘం సెక్రటరీ గారి నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఆయనది గుడివాడ వైపు. రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. ఈ ఏడాది గెలుపులన్నీ కలిపి ఒక పెద్ద ఫ్లెక్సీ వేసి, ఆదివారం సాయంత్రం కాలనీ పార్కులో సభ పెడుతున్నారట. పనిలో పనిగా తమ కాలనీ ఆవిడ ఒకరికి సన్మానం. మేటర్ ఇది: "ఇంటర్నేషనల్ రన్నర్ శ్రీమతి యాదమ్మ గారికి కాలనీ తరఫున." నేను ఫోన్ చేసి ఏ ఆట అని అడిగాను.

"పరుగు పందెం అమ్మా," అన్నారు.

"సరేనండీ," అన్నాను.

పరుగు పందెం అని చెవిలో పడ్డాక కూడా నా బుర్ర వెలగలేదు చూడండి. రన్నర్ అన్న మాట కనబడగానే నా చేయి దానంతటది వెండి పాలిష్ కప్పు మీదకు వెళ్లింది. పైన పరుగెత్తే బొమ్మ బిగించాను. మేటర్ కొట్టి ప్రూఫ్, అంటే చెక్కే ముందు చూపించే నమూనా, పంపాను. ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ, దాని పక్కన ఓకే పెట్టారు. చెక్కేశాను. మళ్లీ చెస్ షీల్డుల్లో పడిపోయాను.

ఆదివారం పొద్దున పదింటికి షాపు తీశాను. ఆ రోజు డెలివరీలు తప్ప వేరే పని లేదు. మెట్ల ముందు ఒకావిడ చెప్పులు విప్పబోయి, అవి చెప్పులు కావు బూట్లు, వద్దులే అనుకుని అలాగే లోపలికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, నిటారుగా ఉంది. ముతక నేత చీర, కాళ్లకు నీలం రంగు పరుగుల బూట్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"కప్పుల మేడమంటే నువ్వేనా బిడ్డా?"

"నేనేనమ్మా. చెప్పండి."

"నా కప్పు తయారైందట. పొద్దుగూకంగ ఇస్తరట. ఒక్కపారి సూసిపోదామని ఒచ్చిన. సూడొచ్చునా?"

చూడకూడదని ఎవరన్నారు? సంబరంగా తీసి కౌంటరు మీద పెట్టాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. కాస్త వంగి చూసింది. ప్లేటు మీద అక్షరాలు వేలితో కూడబలుక్కుంది. తర్వాత పైకి చూసింది.

"గీ నెత్తి మీద మొగోడెవడు?"

"పరుగెత్తే బొమ్మమ్మా అది. పరుగెత్తేదాంట్లో ఆడబొమ్మ రాదు, అందరికీ అదే."

"పేరైతే నాదే ఉన్నది. కప్పు నాది గాదు. తెల్లగున్నది గద."

"వెండి పాలిష్. రన్నర్‌కి అదే ఇస్తాం."

"రన్నరంటే ఏందో జర జెప్పు బిడ్డా."

"రెండో స్థానం."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నేను ఫస్టొచ్చిన," అంది.

అప్పుడైనా నేను తగ్గాలి. తగ్గితే నాగమణిని ఎందుకవుతాను? ఫోన్ తీసి మెసేజ్ ఆవిడ కళ్ల ముందు పెట్టాను. "చూడండమ్మా, మీ సెక్రటరీ గారు రాసింది ఇదీ. రన్నర్ అన్నారు, రన్నర్ కొట్టాను. ప్రూఫ్ పంపాను, ఓకే అన్నారు. చెక్కాక వచ్చి నన్నంటే నేనేం చేసేది? మాటంటే మాటే మా దగ్గర!" నా గొంతు ఎంత లేచిందంటే, పైన క్లాసుకు వెళ్తున్న పిల్లలు మెట్ల మీద ఆగి తొంగిచూశారు.

ఆవిడ గొంతు మాత్రం లేవలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. కవరులోంచి గుడ్డలో చుట్టిన మెడల్ తీసి కప్పు పక్కన పెట్టింది. బంగారు రంగుది.

"ఇరవై ఏండ్లు గీ గడ్డిఅన్నారం మార్కెట్ల పనిజేసిన బిడ్డా. మాది నల్గొండ దిక్కు. మా దిక్కు బత్తాయిలే ఈడికొస్తుండె. కుప్ప పోసి ఏరేది నా పని. ఫస్ట్ మాల్ ఒక దిక్కు, సెకండ్ మాల్ ఒక దిక్కు. చెయ్యి పెడితే చాలు, ఏది ఏందో చెప్తుంటి. ఫస్ట్ మాల్ తీస్కపోయి సెకండ్ల ఏస్తే సేటు ఊకుంటుండెనా? మరి నన్నెట్ల ఏసిన్రు?"

ఫోన్ పక్కన పెట్టి, చెప్పండమ్మా అని వినడానికి కూర్చున్నాను. నా షాపులో అది అరుదు.

మిగతా కథ ఆవిడ నిదానంగా చెప్పింది. 2021లో మార్కెట్ ఊరి బయటికి వెళ్లిపోయింది. ఈవిడ అంత దూరం పోలేక మానేసింది. కానీ ఇరవై ఏళ్ల అలవాటు, కోడి కూతకు ముందే కళ్లు తెరుచుకునేవట. ఇంట్లో కూర్చోలేక గ్రౌండుకు నడక మొదలుపెట్టింది. నడక చాలక ఉరికింది. అక్కడికి వచ్చే పీఈటీ మాస్టరు ఒకాయన గడియారం పెట్టి చూసి, పెద్దవాళ్లకు పోటీలుంటాయమ్మా అని చెప్పాడు. జిల్లాలో ఉరికింది, రాష్ట్రంలో ఉరికింది. ఆ నవంబరులో కొలంబోలో అరవై దాటిన ఆడవాళ్ల పదిహేను వందల మీటర్ల పరుగులో ఉరికింది.

"ఆరుగురం ఉరికినం. నా ముంగట ఎవ్వలు లేరు. ఎన్కకు తిరిగి సూడొద్దని మాస్టరు జెప్పిండు, సూడలే. గీత దాటినంక సూసిన. గప్పుడొస్తున్రు అందరు."

అక్కడి నుంచే లచ్చమ్మకు ఫోన్ చేసిందట. లచ్చమ్మ అంటే మార్కెట్లో ఈవిడ పక్కన కూర్చుని ఇరవై ఏళ్లు బత్తాయిలు ఏరిన మనిషి. లచ్చమ్మ ఆ రోజు ఫోన్లోనే ఏడ్చిందట. మర్నాటికి వాడకట్టంతా చెప్పిందట. ఆ తర్వాత రెండు రోజులకు పేపర్లో సిటీ పేజీలో చిన్న వార్త పడింది, "అంతర్జాతీయ రన్నర్ యాదమ్మ" అని. అంతే. కనబడినవాళ్లందరూ "రెండో నంబరన్న వచ్చింది గద, మంచిదే" అని ఓదార్చడం మొదలుపెట్టారు. మెడల్ చూపిస్తే, రంగుదేముంది, అన్నీ పసుపు రంగే వేస్తారు అన్నారు. లచ్చమ్మ కూడా "ఫోన్ల సరిగ ఇనరాలేదేమో" అందట.

"లచ్చమ్మ సాయంత్రం ఒస్తున్నది. మార్కెట్ బందైనంక మేమందరం ఒక్కకాడ కూడలేదు బిడ్డా, ఇయ్యాల్నే కూడుతున్నం. ఇరవై మంది ఒస్తున్రు. గాళ్ల ముంగట గీ తెల్ల కప్పు ఇస్తే నేనేం జెప్పాలె? పేపరు తప్పంటి. కప్పు గూడ తప్పంటనా?"

నాకు చచ్చేంత సిగ్గేసింది. పరుగు పందెం అని చెవిలో పడ్డ మాట అప్పుడు గుర్తొచ్చింది. రాసింది రాసినట్టు కొట్టాను, నిజమే. కానీ ఆయన రాసింది ఒకటి, నేను చదివింది ఇంకొకటి.

సెక్రటరీ గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"అదేంటమ్మా!" అన్నారు ఆయన, క్లాసు చెబుతున్నట్టు. "రన్ అంటే పరుగెత్తడం. రన్నర్ అంటే పరుగెత్తే మనిషి. ఇందులో తప్పేముంది?"

"సార్, మీ ఇంగ్లీషుకు వంక పెట్టేంతదాన్ని కాదు. కానీ మా దిల్‌సుఖ్‌నగర్‌లో రన్నర్ అంటే ఫైనల్లో ఓడిపోయినవాళ్లండీ."

ఆయన గొంతు నీరసపడిపోయింది.

"అయ్యయ్యో. అయితే పేపరు వాళ్లకు కూడా నేనేగా రాసిచ్చింది..."

యాదమ్మ గారు ఒక్క క్షణం ఫోన్ వైపు చూసింది. నేను తిట్టబోతోందనుకున్నాను. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వింది. "నెల దినాల సంది గా పేపరోన్ని తిడుతున్న బిడ్డా. పాపం, వాని పాపమేం లేదు!"

"ఏం రాయమంటారు సార్ ఇప్పుడు?" అన్నాను.

ఆయన పశ్చాత్తాపం అంతా ఇంగ్లీషులోకి దిగింది. "ఇంటర్నేషనల్ వెటరన్ అథ్లెట్ అని పెట్టండి. గౌరవంగా ఉంటుంది."

"వెటరనంటే పశువుల డాక్టరు గద సారూ?" అంది యాదమ్మ గారు.

ఈసారి నేను కూడా ఆగలేకపోయాను. కౌంటరు పట్టుకుని నవ్వాను. ఆయన కాసేపు వెటరన్‌కూ వెటర్నరీకీ తేడా చెప్పబోయి, తనే నవ్వేశారు. చాంపియన్ అందామా అన్నారు. క్యారమ్స్ ఆడిన ప్రతి పిల్లాడికీ నేను చాంపియన్ అనే కొడతాను, అదీ నాకు నచ్చలేదు. విన్నర్ అంటే ఏదో టీమ్ అనుకుంటారు. ప్రథమ బహుమతి అంటే వ్యాసరచన పోటీ అనుకుంటారు. టైము పదకొండు దాటింది. పద్దెనిమిదేళ్లుగా గెలుపుల మీద బతుకుతున్న నాకు గెలిచిందని చెప్పే మాట ఒక్కటి దొరకలేదు.

అప్పుడు ఊరికే, దారి తోచక అడిగాను. "అమ్మా, కొలంబో నుంచి లచ్చమ్మకు ఫోన్ చేశారు కదా. ఏమని చెప్పారు? సరిగ్గా ఏ మాట అన్నారు?"

ఆవిడ ఆలోచించనే లేదు. "ఉర్కుడుల ఫస్టొచ్చిన్నే లచ్చమ్మా, అన్న."

నేను సిస్టమ్ ముందు కూర్చున్నాను.

"ఉర్కుడులా?" అన్నారు ఫోన్లో సెక్రటరీ గారు. "అమ్మా, సభకు పెద్దలొస్తారు. అచ్చుతప్పు అనుకుంటారు. కనీసం పరుగులో అని..."

"అనుకోనివ్వండి సార్. పరుగులో అంటే లచ్చమ్మకు కొత్తగా తెలియాలి. ఇదైతే ఆవిడ ఒకసారి విన్న మాటే," అని ఫోన్ పెట్టేశాను.

నిజానికి నేనూ కాస్త తడబడ్డాను. నా వేళ్లు తెనాలివి. మొదట "ఉరుకుడులో ఫస్టు" అని కొట్టాను. యాదమ్మ గారు నా భుజం మీంచి వంగి తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. "గీ నడుమ రు ఎందుకు? ఉర్కుడు గద. లో గాదు బిడ్డా, ల." సరేనని రు కొమ్ము తీశాను, ఓత్వం తీశాను. "ఉర్కుడుల ఫస్టు. యాదమ్మ. 2024." ఆవిడ తల ఊపింది.

మేటర్ దొరికింది. కప్పు లేదు. హోల్‌సేల్ వాళ్లకు ఆదివారం సెలవు. అల్మారాల్లో ఉన్నవన్నీ వెండివి, కాకపోతే చిన్నపిల్లలకిచ్చే అరచేతంత కప్పులు. తలెత్తితే పై అరలో చేయెత్తి నిలబడిన అమ్మాయి నన్నే చూస్తోంది. కాసేపు నేనూ చూశాను. అది పోతే కళ పోతుందన్న భయం ఉందా అంటే ఉంది. కానీ అంతసేపు కౌంటరు మీద ఆ తెల్ల కప్పు, దాని పక్కన బంగారు మెడల్ కనబడుతూ ఉన్నాయి. కుర్చీ ఎక్కి షోపీసును దించాను.

"గిది అమ్మేది గాదని రాసున్నది గద," అంది ఆవిడ కంగారుగా.

"అమ్మడం లేదు. మీ ఆర్డరు కప్పు ఇదే. పైన పెట్టి పద్దెనిమిదేళ్లు మర్చిపోయాను," అన్నాను.

దుమ్ము తుడవడానికే అరగంట పట్టింది. ఆవిడ ఊరుకుంటుందా? గుడ్డ నా చేతిలోంచి లాక్కుని, బత్తాయి తుడిచినట్టు గుండ్రంగా తిప్పి తుడిచింది. తెలుగు అక్షరాలు ఇత్తడి మీద చెక్కడం కష్టం. ఫస్టులోని ఒత్తు దగ్గర సూది కాస్త తొందరపడిందంటే గుండ్రాలు పూడిపోయి నల్ల మచ్చ అవుతుంది. మొదటి ప్లేటు అలాగే పోయింది. రెండోది మిషను వేగం సగానికి తగ్గించి, ఊపిరి బిగబట్టి కొట్టాను. ఒత్తు విడివిడిగా, శుభ్రంగా పడింది. ఆవిడ దాని మీద వేలు పెట్టి రాసి చూసుకుంది, రెండుసార్లు.

మామూలుగా డెలివరీ ఇచ్చి ఊరుకుంటాను. ఆ రోజు షట్టరు దించి, కప్పు ఒళ్లో పెట్టుకుని ఆటోలో నేనే ఎల్‌బీ నగర్ వెళ్లాను.

పార్కులో ఫ్లెక్సీ ఈ చివర నుంచి ఆ చివరకు ఉంది. ప్రపంచకప్పు ఎత్తుకున్న జట్టు, హాకీ కర్రలతో గంతులేస్తున్న జట్టు, చక్రాల కుర్చీలో జెండా పట్టుకున్నవాళ్లు, చెస్ బల్ల ముందు మెడల్స్ వేసుకున్న అమ్మాయిలు. అన్నిటికీ చివర, అదే కొలతలో, బూట్లు వేసుకుని నవ్వుతున్న యాదమ్మ గారు. ముందు వరసల్లో మార్కెట్ ఆడవాళ్లు. మూడేళ్ల మాటలు ఒక్కసారే మాట్లాడుకుంటున్నారు, మైకు వాళ్ల ముందు చాల్లేదు. మధ్యలో తెల్ల జుట్టు, లావుపాటి కళ్లద్దాల మనిషి. అడక్కుండానే తెలిసింది, ఆవిడే లచ్చమ్మ.

సెక్రటరీ గారు ఈసారి జాగ్రత్త పడ్డారు. ఇంగ్లీషు జోలికి పోలేదు. అయితే ప్లేటు మీది మాట చదివి వినిపిస్తారనుకుంటే, ఆయన చదవలేదు. "కప్పు మీద ఏం రాసుందో లచ్చమ్మ గారు వేదిక మీదికి వచ్చి చదవాలి," అన్నారు. ఆ బుద్ధి ఆయనకు ఎలా పుట్టిందో గానీ, అప్పటిదాకా ఆయన మీదున్న కోపమంతా నాకు పోయింది.

లచ్చమ్మ మెల్లగా మెట్లెక్కింది. కళ్లద్దాలు పైకీ కిందకీ జరుపుకుంది. మైకు ఆవిడ నోటి ముందు పెట్టారు.

"ఉ... ర్కు... డు... ల..." ఆగింది. "ఫ... స్టు."

ప్లేటు వైపు చూసింది. యాదమ్మ వైపు చూసింది. "ఓసి నీ ఇల్లు బంగారంగాను! నువ్ ఫోన్ల జెప్పింది గిదే గదనే! నేను మంచిగనే ఇన్నా!" అని మైకులోనే అరిచి, స్నేహితురాలిని పట్టుకుని ఏడ్చేసింది. కింద నుంచి ఎవరో "ఫస్ట్ మాల్!" అని కేకేశారు. అంతే, ఇరవై మంది ఆడవాళ్లూ లేచి నిలబడ్డారు. "ఫస్ట్ మాల్! ఫస్ట్ మాల్!" ఫ్లెక్సీ చూడ్డానికి వచ్చిన స్కూలు పిల్లలకు అదేమిటో తెలియకపోయినా గొంతు కలిపారు. నేను కూడా అరిచాను. గొంతు పెద్దదని ఊరికే అనరు కదా.

ఆ తర్వాత జరిగింది కార్యక్రమ పత్రంలో లేదు. "ఒక్కపారి ఉరికి సూపెట్టరాదె," అంది లచ్చమ్మ. యాదమ్మ గారు కొంగు బిగించి, చీర కుచ్చిళ్లు దోపి, కప్పు నా చేతిలో పెట్టి, పార్కు చుట్టూ ఉన్న బాటలో ఉరికింది. నేల మీద కాలు ఆనుతోందో లేదో అన్నట్టు ఉరికింది. వెనకాల మార్కెట్ ఆడవాళ్లు, వాళ్ల వెనకాల పిల్లలు, వాళ్ల వెనకాల కాలనీ సంఘం అధ్యక్షుడు గారు పంచె పట్టుకుని. నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు గనక ముప్పై అంగుళాల కప్పును చంకన వేసుకుని పావు చుట్టు నడిచి బెంచీ మీద కూలబడ్డాను. ఇన్నేళ్లలో నేను చేసిన కప్పు ఎవరి చేతికి వెళ్లిందో, అక్కడ ఏమైందో నేను చూసింది అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఏం కోల్పోయానో అప్పుడు తెలిసి, సంతోషానికి కళ్ల నీళ్లు వచ్చాయి.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. రాసిచ్చిన మేటర్ ఇప్పుడు కూడా తీసుకుంటాను. కానీ చెక్కే ముందు ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాను: "గెలిచాక ఇంటికి ఫోన్ చేసి ఏమన్నారు?" కొందరు విసుక్కుంటారు. చాలామంది మొహాలు వెలుగుతాయి. వాళ్లు చెప్పేదానికీ కాగితం మీద ఉన్నదానికీ పొంతన కుదిరితేనే మిషను వేస్తాను. పొరపాట్లు తగ్గాయి. ఆలస్యం పెరిగింది. మా ఆయన నవ్వుతాడు, నువ్వు కప్పులమ్ముతున్నావా, జాతకాలు చెబుతున్నావా అని. షోపీసు పోయిన పై అరలో ఆ వెండి కప్పు పెట్టాను, పేరు ప్లేటు తీసేసి.

ఫిబ్రవరి ఆఖరున యాదమ్మ గారు మళ్లీ వచ్చింది. లచ్చమ్మ కూడా వెంట ఉంది. మార్చిలో మహిళా దినోత్సవానికి కాలనీ ఆడవాళ్లకు ఉర్కుడు పోటీ పెడుతున్నారట. ఒక సెట్ కావాలన్నారు. విన్నర్ కప్పు మీద ఏం రాయాలో అడగక్కర్లేదు, ఆ మాట కాలనీలో అందరికీ వచ్చేసింది. రెండో కప్పు దగ్గర పెన్ను ఆపాను.

"దీని మీద ఏం రాయనమ్మా? సెకండ్ అనా?"

"రన్నరని రాయి," అంది యాదమ్మ గారు.

నేను తలెత్తి చూశాను. ఎగతాళి కాదు, మామూలుగానే అంది. చెయ్యి కౌంటరు మీదున్న రెండు కప్పుల తలల మీద పెట్టి చూసింది. రెండంగుళాల తేడా ఆవిడ అరచేతికి తగిలింది.

"గిది పొట్టిగెందుకున్నది బిడ్డా?"

"రన్నర్‌ది పొట్టిగానే ఉంటుందమ్మా. ఎప్పుడూ అంతే."

"ఎవలు జెప్పిన్రు? ఆమె గూడ అంతే దూరం ఉరుకుతది గద."

లచ్చమ్మ అవునంది. లోపలికి వెళ్లి విన్నర్ కప్పులో వేసే పొడుగు రాడ్డే ఇంకొకటి తెచ్చి, వెండి కప్పు విప్పి మళ్లీ బిగించాను. రెండూ పక్కపక్కన పెట్టాను. ఆవిడ మళ్లీ అరచేయి పెట్టి చూసింది. ఈసారి చెయ్యి ఎటూ వంగలేదు.